లెక్క అడిగినవారు, లెక్క చెప్పినవారు: ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారు

పల్లెటూరి రైతు శిస్తు చెల్లించి రసీదు పుచ్చుకొనును. దానితో తన పని తీరినదని తలంచి ఇంటికి పోవును. కాని ఆ సొమ్ము ప్రయాణము అప్పుడే మొదలగును. అది గ్రామమునుండి తాలూకా ఖజానాకును, అచ్చటినుండి జిల్లా ఖజానాకును, పిదప ప్రభుత్వ బొక్కసమునకును చేరి, మరల బడియై, ఆసుపత్రియై, కాలువయై, బాటయై ఊరికి తిరిగి రావలెను. ఎంత పోయినది, ఎంత వచ్చినది, నడుమ ఎచ్చట నిలిచినది అని అడుగు శక్తి ఒంటరి రైతునకు లేదు. అతని తరఫున అడుగుటకే శాసనసభలు ఏర్పడినవి.

ఆ అడుగు హక్కు మన దేశమునకు ఒక్కనాడు వచ్చినది కాదు. 1861 చట్టము క్రింది సభలలో ఆదాయవ్యయములను గూర్చి చర్చించు వీలే లేకుండెను. 1892లో చర్చింపవచ్చునన్నారు గాని ఓటు ఈయలేదు. 1909లో తీర్మానములు తేవచ్చునన్నారు గాని వానిని పాటింపవలెనను నిర్బంధము లేదు. 1919లో కొన్ని పద్దులపై మాత్రము ఓటు వచ్చెను. 1950లో రాజ్యాంగము అమలునకు వచ్చిన పిమ్మటనే, సభ అనుమతి లేనిదే ప్రభుత్వము ఖజానానుండి ఒక్క రూపాయియైనను తీయరాదను నియమము సంపూర్ణముగా నెలకొనెను. ఈ మెట్లన్నియు ఒక్క మనుష్యుని జీవితకాలములో ఎక్కినవి. ఆ మనుష్యుడు మన ఒంగోలు సీమవాడు. ఆయన సభలో కూర్చుండి లెక్క అడిగిరి. మంత్రియై లెక్క చెప్పిరి. తుదకు ఒక్క ఓటుతో పదవి కోల్పోయిరి. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి శౌర్యమును గూర్చి కథలు చాల కలవు. ఇచ్చట చెప్పబోవునది ప్రజాధనముతో ఆయనకు గల సంబంధమును గూర్చిన కథ.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపమునందలి వినోదరాయునిపాలెములో జన్మించిరి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినపుడు దానిలో చేరినది. తండ్రి గోపాలకృష్ణయ్యగారు కాలము చేయునప్పటికి ప్రకాశము పదునొకండేండ్ల బాలుడు. తల్లి సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, పూటకూళ్ళ యిల్లు నడిపి వారిని పోషించిరి. పూటకూళ్ళ యిల్లు నడుపుట యనగా ఏమో ఆనాటివారికి తెలియును. ఉదయము కొన్న బియ్యమునకును, పొద్దుగూకునప్పటికి చేతికి వచ్చిన డబ్బునకును సరిపోవలెను. సరిపోనినాడు పస్తుండవలసినది తామే. పరుల అన్నము తన చేతిమీదుగా పోవునపుడు అందులో ఒక మెతుకును తనది కాదను తెలివిడి అట్టి యింట పిల్లలకు చెప్పకయే అబ్బును.

బాలుని చురుకుదనము చూచి ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు చేరదీసిరి. తాము రాజమహేంద్రవరము పోవుచు అతనిని గూడ వెంట గొనిపోయి చదివించిరి. బీద విధవరాలి కుమారుడు పరుల ఔదార్యముచే చదువుకొని, మదరాసులో న్యాయశాస్త్రము ముగించి, రాజమహేంద్రవరమున ప్లీడరై ధనమార్జించెను. ముప్పది యేండ్లు దాటీ దాటకముందే ఆ పట్టణపు పురపాలక సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ప్రజలు కట్టిన ఇంటిపన్ను వారి వీధి దీపములకును, మురుగు కాలువలకును ఎట్లు చేరునో, నడుమ ఎట్లు చేరకపోవునో ఆయన మొట్టమొదట చూచినది అచ్చటనే.

1904లో బారిష్టరు చదువునకై సీమకు పోయిరి. ఆ దినములలో లండనులో దాదాభాయి నౌరోజీ వృద్ధులై యుండిరి. 1892 మొదలు 1895 వఱకు బ్రిటిషు పార్లమెంటులో సభ్యులుగా నుండి, భారతదేశపు ఖర్చులను విచారించుటకు 1895లో నియమింపబడిన వెల్బీ కమీషనులో సభ్యులై, మన దేశపు సొమ్ము ఏయే దారుల సీమకు తరలిపోవుచున్నదో అంకెలతో చూపినవారు ఆ మహనీయులు. హిందూదేశపు శిస్తుతో సీమలోని కార్యాలయముల జీతములు చెల్లించుట, పరదేశములలో చేసిన యుద్ధముల ఖర్చు మన పద్దున వ్రాయుట న్యాయమా యని వారు జీవితమంతయు వాదించిరి. వారు మరల పార్లమెంటునకు పోటీచేయగా యువకుడైన ప్రకాశము ఆ యెన్నికలో పనిచేసెను. దాదాభాయి గెలువలేదు. కాని పరిపాలనలోని అన్యాయము తుపాకిలోకన్న లెక్కపుస్తకములోనే ఎక్కువగా దాగియుండునను పాఠము అచ్చట నేర్వదగినది.

1907లో తిరిగివచ్చి మదరాసు హైకోర్టులో బారిష్టరుగా నిలిచిరి. ఆంధ్రులలో అంతటి రాబడి గల న్యాయవాదులు ఆ కాలమున కొద్దిమందియే. లా టైమ్సు అను న్యాయ పత్రికకు సంపాదకత్వము గూడ వహించిరి. 1921లో గాంధీజీ పిలుపు నందుకొని ఆ వృత్తిని విడిచిరి. అదే సంవత్సరము మదరాసులో స్వరాజ్య పత్రికను స్థాపించిరి. వృత్తిలో కూడబెట్టిన ధనమును ఆ పత్రికకు ధారపోసిరి. పత్రిక ప్రజల మన్నన పొందినది గాని ఆయవ్యయములు ఏనాడును సరిపోలేదు. అప్పులు పెరిగినవి, ఆస్తులు కరగినవి, తుదకు పత్రిక ఆగిపోయినది. స్వంత లెక్కలో పంతులుగారు మంచి గుమాస్తా కారని ఆయన మిత్రులును ఒప్పుకొందురు. తన సొమ్మునకును ప్రజాకార్యమునకును నడుమ ఆయన గోడ కట్టుకొనలేదు. ఈ గుణము ఆయనకు కీర్తి తెచ్చినది. ముందు ముందు చిక్కు తెచ్చినదియు ఇదియే.

1926లో ఆయన కేంద్ర శాసనసభకు కాంగ్రెసు పక్షమున ఎన్నికైరి. ఆ సభలో ప్రజాప్రతినిధులకు గల అధికారమెంతయో తెలిసికొనిననే గాని వారి శ్రమ బోధపడదు. ప్రభుత్వము ఏటేట ఆదాయవ్యయ పట్టికను సభ ముందుంచును. పద్దుపద్దుకును ఇంత సొమ్ము కావలెనని అడుగును. సభ్యులు ఆ మొత్తములో నూరు రూపాయలు తగ్గింపవలెనని కోత తీర్మానము తెత్తురు. నూరు రూపాయలు లెక్కకాదు. ఆ పేరుతో ఆ శాఖ చేసిన తప్పులన్నిటిని సభలో విప్పి చెప్పుటకు వీలు కలుగును. కోత నెగ్గెనా, ఆ శాఖమీద సభకు నమ్మకము లేదని లోకమునకు తెలియును. ఇది ఇంగ్లండులో రాజులమీద ప్రజలు సాధించిన ఆయుధము.

అయితే మన సభకు ఆ ఆయుధమును మొక్కపోగొట్టి యిచ్చిరి. 1919 చట్టము ప్రకారము సైన్యపు ఖర్చు ఓటునకు రాదు. అప్పులపై వడ్డీ ఓటునకు రాదు. సీమలో నియమింపబడిన ఉద్యోగుల జీతములు ఓటునకు రావు. ఓటునకు వచ్చిన పద్దును సభ త్రోసివేసినను, అది పరిపాలనకు అవసరమని గవర్నరు జనరలు తలంచినచో సభ ఒప్పుకొన్నట్లే భావించి ఖర్చు చేయవచ్చును. లెక్కలు తనిఖీ చేయుటకు 1921లో ప్రభుత్వ లెక్కల సంఘమును ఏర్పరచిరి గాని, దానికి అధ్యక్షుడు ప్రభుత్వపు ఆర్థిక సభ్యుడే. లెక్క వ్రాసినవాడే లెక్క సరిచూచిన తీరు. పంతులుగారు సభలో చేరుటకు మూడేండ్లకు ముందు, 1923లో, ఉప్పుపన్నును మణుగునకు 1 రూపాయి 4 అణాలనుండి 2 రూపాయల 8 అణాలకు పెంపదలచిరి. సభ కాదన్నది. వైస్రాయి తన ముద్రవేసి పన్ను వసూలుచేసెను. మరుసటి యేడు పన్ను తగ్గించిరి గాని, సభ మాటకు విలువ ఎంతయో అందరికిని తెలిసిపోయినది.

పంతులుగారు సభ్యులైన మరుసటి యేడే, 1927లో, ఆ సభ ముందునకు రూపాయి మారకపు ధర వచ్చెను. రూపాయి విలువ 16 పెన్నీలుగా నుండవలెనని మన వ్యాపారులును, 18 పెన్నీలుగా నుండవలెనని ప్రభుత్వమును పట్టుబట్టిరి. వినుటకు ఇది షావుకారుల వివాదమువలె తోచును. కాని గుంటూరు సీమ పత్తి రైతునకు దీనిలో ఎంత యున్నదో గమనింపవలెను. సీమలో ఒక పౌను ధర పలికిన సరుకునకు 16 పెన్నీల లెక్కన 15 రూపాయలు వచ్చును. 18 పెన్నీల లెక్కన 13 రూపాయల 5 అణాల 4 పైసలు మాత్రమే వచ్చును. పది పౌనుల సరుకుపై తేడా 16 రూపాయల 10 అణాల 8 పైసలు. శిస్తు మాత్రము రూపాయలలో ఎప్పటి మొత్తమే. నల్లరేగడిలో పత్తి విత్తువానికి రాబడి తగ్గినను చెల్లింపవలసిన బాకీ తగ్గలేదని ఆనాటి విమర్శకులు మొరపెట్టిరి. ఓటింగులో ప్రభుత్వము స్వల్ప ఆధిక్యముతో గెలిచినది. 18 పెన్నీలే చట్టమయ్యెను. శాసనసభలో కొద్ది చేతులు ఎత్తుటలోను దింపుటలోను లక్షలాది కుటుంబముల గాదెలు నిండుటయు, వెలితిపడుటయు నున్నవని దీనివలన తెలియుచున్నది.

1928లో సైమను కమీషను బహిష్కారము సందర్భమున మదరాసులో పోలీసులు కాల్పులు జరిపిరి. పంతులుగారు తుపాకి యెదుట రొమ్ము విప్పి నిలిచి ఆంధ్రకేసరియని పేరొందుట లోకవిదితము. 1930లో ఉప్పు సత్యాగ్రహము మొదలుకాగానే సభ్యత్వమునకు రాజీనామా యిచ్చి, నాగేశ్వరరావు పంతులుగారితో గూడి మదరాసులో ఉద్యమము నడపిరి. ఉప్పుపన్నును సభలో ఆపుటకు వీలు లేనందున సముద్రపు టొడ్డున ఆపబూనిరన్నమాట. అడుగు హక్కు లేనిచోట చెల్లింపననుటయే ప్రజలకు మిగిలిన దారి. మన జిల్లాలోనే 1921-22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణచేసి ఆ దారిని అంతకుముందే చూపియుండిరి.

1937లో మదరాసు రాష్ట్రమున కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రి, పంతులుగారు రెవెన్యూ మంత్రి. అడిగినవారే ఇప్పుడు చెప్పవలసినవారైరి. పంతులుగారు చేపట్టిన మొదటి పెద్ద కార్యము జమీందారీ విచారణ. 1802లో శాశ్వత పైసలా జరిగినపుడు జమీందారులు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పేష్కషు స్థిరపరచబడినది. అది మరల పెరుగలేదు. రైతులనుండి జమీందారులు వసూలుచేయు శిస్తు మాత్రము తరతరమునకు పెరిగినది. నడుమనున్న తేడా ఎవరి సొమ్ము? ఈ ప్రశ్నను సర్కారు తరఫున అంతకు ముందెవరును గట్టిగా అడుగలేదు. పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఊరూర సాక్ష్యములు సేకరించి, భూమికి నిజమైన స్వామి దున్నువాడే యనియు, శిస్తులు పైసలానాటి స్థాయికి తగ్గింపవలెననియు 1938లో నివేదిక సమర్పించెను. శాసనసభ దానిని ఆమోదించినది. చట్టము కాకముందే 1939లో మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. కాని ఆ నివేదిక వేసిన పునాదిమీదనే 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చెను.

ఆ మంత్రివర్గ కాలముననే మఱియొక చిక్కుముడి పడెను. 1937 అక్టోబరులో సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభమైనది. చిత్తూరు, కడప జిల్లాలకు తరువాత వ్యాపించినది. కల్లు సారాయిలపై వచ్చు ఆబ్కారీ రాబడి ప్రభుత్వపు పెద్ద పద్దులలో నొకటి. అది పోయినచో బడులకును ఆసుపత్రులకును సొమ్మెక్కడిది? ఆ వెలితి పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను విధించిరి. త్రాగువాడు ఇచ్చు సొమ్మునకు బదులు కొనువాడు ఇచ్చు సొమ్ము వచ్చి చేరినది. మంచిపనికైనను ఖర్చు కలదనియు, ఆ ఖర్చు ఎవరో ఒకరు భరింపవలెననియు ఈ పద్దు నేర్పినది. పంతులుగారి తుది పదవికి ముప్పు తెచ్చినదియు ఈ పద్దే.

క్విట్ ఇండియా ఉద్యమమున 1942లో చెరకు పోయి 1945లో విడుదలైన పిమ్మట ఆయన ఆంధ్రదేశమంతట పర్యటించిరి. అడుగడుగున ప్రజలు నిధులు సమర్పించిరి. సర్వస్వము పోగొట్టుకొన్న వృద్ధ నాయకునికి వాడుకకై యిచ్చిన కానుకలని ఇచ్చినవారి భావము. పంతులుగారును అట్లే తీసికొనిరి. గాంధీజీ అందుకు ఒప్పుకొనలేదు. ప్రజాసేవకునికి ప్రజలు ఇచ్చిన ధనము ప్రజలదే కావలెనని వారి నియమము. 1946లో మదరాసు ప్రధానమంత్రి పదవికి పంతులుగారిని నాయకునిగా ఎన్నుకొనునపుడు ఈ విషయమే వారి అభ్యంతరములలో నొకటియయ్యెను. శాసనసభా పక్షము మాత్రము పంతులుగారినే ఎన్నుకొన్నది.

ఈ సంఘటనను పంతులుగారి అభిమానులు దాటవేయుట కలదు. దాటవేయనక్కఱలేదు. తన లక్షలను ప్రజలకై వెచ్చించినవాడు ప్రజలిచ్చిన వేలను తనవనుకొనుట లోకమునకు సహజముగనే తోచును. కాని ఇచ్చినదానికి పుచ్చుకొన్నది చెల్లు అను లెక్క ఇంటిలో చెల్లును. ప్రజాధనము విషయమున చెల్లదు. త్యాగము ఎంత గొప్పదైనను అది రసీదునకు బదులు కానేరదు. గాంధీజీ పట్టుదల పంతులుగారి నిజాయితీపై సందేహముచే కలిగినది కాదనియు, నియమము మహనీయులకు సడలినచో సామాన్యులకు నిలువదను జాగ్రత్తచే కలిగినదనియు అనుకొనుట ఇద్దరికిని న్యాయము.

1946 ఏప్రిలు 30 మొదలు 1947 మార్చి వఱకు పదునొకండు నెలలు ఆయన ప్రధానమంత్రిగా నుండిరి. ఆ స్వల్పకాలమున తలపెట్టినవానిలో ఫిర్కా అభివృద్ధి పథకము ముఖ్యము. రాజధానిలో కూర్చుండి అంచనాలు వేయుటకు మారుగా, కొన్ని గ్రామముల సముదాయమైన ఫిర్కాను ఏర్కొని, త్రాగునీరు, బాటలు, పారిశుధ్యము, గ్రామపరిశ్రమలు అన్నియు ఒక్కచోట ఒక్కసారిగా సాగింపవలెనని దాని యుద్దేశము. క్రొత్త బట్టల మిల్లులకు అనుమతి నిరాకరించి, చేతివడుకును ప్రోత్సహింప నెంచిరి. మిల్లుదారులు మండిపడిరి, స్వపక్షములోనే అసమ్మతి పెరిగెను. పక్షపు విశ్వాసము తొలగగానే దిగిపోయిరి. ఖర్చుకు అనుమతి యిచ్చువారి నమ్మకము లేనిదే పథకము ఎంత మంచిదైనను కాగితమే.

1952 ఎన్నికలలో మదరాసు శాసనసభ 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే వచ్చినవి. కాంగ్రెసును విడిచి ప్రజాపార్టీ నడపుచున్న పంతులుగారు తక్కిన పక్షములను కూర్చుకొని మంత్రివర్గ మేర్పరచ నుద్యమించిరి. గవర్నరు రాజగోపాలాచారిగారిని పిలిచెను. ఆ యేటి డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము జరిగెను. 1953 అక్టోబరు 1న పదునొకండు జిల్లాలతో, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఎనుబదియొక యేండ్ల పంతులుగారు మరల కాంగ్రెసున చేరి తొలి ముఖ్యమంత్రియైరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. తెన్నేటి విశ్వనాథముగారు ఆర్థిక మంత్రి.

వేరుపడిన తమ్మునికి పాత యిల్లు అన్నకు పోయి ఖాళీ స్థలము వచ్చినట్లుండెను ఆ రాష్ట్రపు స్థితి. మదరాసు నగరము దక్కలేదు. కర్నూలులో కచ్చేరీలకు కట్టడములు చాలక గుడారములు వేసిరి. ఖజానాకు పుట్టుకతోనే లోటు. రావలసినది తక్కువ, చేయవలసినది కొండంత. 1952లో బెజవాడ యొద్ద కృష్ణపై నూరేండ్లనాటి ఆనకట్టకు గండిపడియుండెను. అది నిలువకున్నచో తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణులకు నీరు లేదు. లోటు ఖజానాతోనే క్రొత్త బారేజికి 1954 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిపిరి. అదే సంవత్సరము జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు నెలకొన్నది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము అదే యేడు వెలసినది. నందికొండ ప్రాజెక్టునకై ఆంధ్రుల కోర్కె సాగుచునే యుండెను. దానివలన పల్నాటి మెట్టకు నీరు వచ్చు ఆశ చిగిర్చినది. నీరు, న్యాయము, చదువు: బీదరాష్ట్రపు తొలి పద్దులు ఇవి.

మదరాసునుండి విడిపోవుచు ఆంధ్రరాష్ట్రము మద్యనిషేధమును గూడ వెంట తెచ్చుకొన్నది. చట్టము కాగితముపై నున్నను చాటుమాటు సారాయి ఆగలేదు. గీత కార్మికులు జీవనము కోల్పోయి వీధిన పడిరి. ప్రభుత్వమునకు ఆబ్కారీ రాబడి లేదు. పైపెచ్చు చట్టము నడపుటకు పోలీసుల ఖర్చు. ప్రభుత్వమే ఎస్. వి. రామమూర్తిగారి అధ్యక్షతన విచారణ సంఘము వేసినది. నిషేధము ఎత్తివేయుట మేలని ఆ సంఘము తేల్చినది. ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. గాంధీజీ శిష్యునకు కల్లుసొమ్ముతో ఖజానా నింపుట మనస్కరించు విషయము కాదు; రాజ్యాంగపు 47వ అధికరణము గూడ మద్యనిషేధమునే ఆదేశించుచున్నది. కాని తామే నియమించిన సంఘపు మాటను తామే త్రోసివేసినందుకు సభకు సమాధానము చెప్పవలసి వచ్చెను.

1954 నవంబరు 6వ తేదీన 140 స్థానములు గల ఆ సభలో అవిశ్వాస తీర్మానము ఓటునకు వచ్చెను. ప్రభుత్వమునకు వ్యతిరేకముగా 69, అనుకూలముగా 68. ఒక్క ఓటు. ఎనుబదిరెండేండ్ల వృద్ధుడు, తుపాకికి రొమ్ము చూపినవాడు, ఆస్తినంతయు దేశమునకు అర్పించినవాడు ఆ ఒక్క ఓటునకు తలవంచెను. సేవలు చూపి సభను ధిక్కరింపలేదు. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చెను. 1955 ఎన్నికల పిమ్మట గోపాలరెడ్డిగారి మంత్రివర్గ మేర్పడెను.

ఆ నాటి వాదమున ఇరుపక్షములందును న్యాయము కలదు. త్రాగుడు సొమ్ముతో బడి నడపుట తగదనువారిది ధర్మము. రాబడి వదలుకొని, జీవనము పోయిన గీత కార్మికునకు దారి చూపక, అమలు కాని చట్టమునకు ఖర్చు చేయుట తగదనువారిదియు ధర్మమే. ఈ వివాదము ఆంధ్రదేశమును విడువలేదు. దూబగుంట స్త్రీలు మొదలిడిన సారా వ్యతిరేకోద్యమము ఫలించి 1995లో మరల సంపూర్ణ నిషేధము వచ్చినది. 1997లో మరల సడలినది. ఏ పక్షము గెలిచినను, తేలవలసినచోటు మాత్రము ప్రజాప్రతినిధుల సభయే. 1923లో సభ కాదన్న పన్నును వైస్రాయి వసూలుచేసెను. 1954లో సభ కాదన్నంతనే ముఖ్యమంత్రి దిగిపోయెను. ఆ రెండు సంవత్సరముల నడుమ మన దేశము నడచిన దూరమే స్వరాజ్యము.

పదవి పోయిన పిమ్మటను పంతులుగారు ఊరకుండలేదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతమున పర్యటించుచు వడదెబ్బ తగిలి, మే 20వ తేదీన హైదరాబాదులో పరమపదించిరి. వెనుకకు ఐశ్వర్యము మిగుల్చలేదు. నా జీవితయాత్ర యను స్వీయచరిత్రమును మిగిల్చిరి. ఆ యేటి డిసెంబరులో పూర్తియైన కృష్ణా బారేజికి ఆయన పేరే పెట్టిరి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశము జిల్లాయైనది.

పంతులుగారి తరము సాధించిన హక్కు నేడు ఏ రూపమున నున్నదో తెలిసికొనుట వారికి చేయదగిన తర్పణము. ప్రభుత్వము ఏటేట పద్దులవారీగా సభ అనుమతి కోరవలెను. ద్రవ్యవినిమయ చట్టము కానిదే ఖజానా తలుపు తెఱవరాదు. ఖర్చైన పిమ్మట కంప్ట్రోలరు ఆడిటరు జనరలు తనిఖీచేసి నివేదిక యిచ్చును. దానిని ప్రభుత్వ లెక్కల సంఘము పరిశీలించి అధికారులను పిలిచి అడుగును. ఆర్థిక సభ్యుడే అధ్యక్షత వహించు పాతపద్ధతి 1950తో పోయినది. పార్లమెంటులో 1967 మొదలు ప్రతిపక్ష సభ్యునికే ఆ స్థానమిచ్చు సంప్రదాయము వచ్చినది. ఏర్పాటు చక్కనిది. కాని పద్దులపై చర్చకు సభ్యులు వేళ చాలించుకొనక గంపగుత్తగా ఓటు వేసిన నాడును, నివేదిక వచ్చినను చదువువారు లేని నాడును, చక్కని ఏర్పాటు నిండుకొన్న గాదెకు వేసిన తాళమగును.

అడుగుటకు ముందు తెలియవలెను, తెలియుటకు చదువవలెను. మన సీమలో 1918లోనే వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది ఇందుకే. 1948లో మదరాసు గ్రంథాలయ చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమును ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలుచేయు పద్ధతి నేర్పరచినవి. ప్రతి గృహస్థుడు కట్టు రూపాయిలో కొన్ని పైసలు పుస్తకమై తిరిగి రావలెనని శాసనము. ఆ పైసలు వచ్చినవా, రానిచో ఎచ్చట నిలిచినవని అడుగుట దుడుకుతనము కాదు. ఒంగోలు పూటకూళ్ళ యింటినుండి కర్నూలు సభామందిరము వఱకు నడచిన ఆ వృద్ధకేసరి మనకు విడిచిపోయిన ఆస్తి అదియే.